మేము పరీక్ష చేయించింది సదరం కోసం కాదు

గత ఆదివారం తెనాలి నుంచి మా బాబాయిగారి అమ్మాయి ఫోన్ చేసింది. వాళ్ల పాప మూడో తరగతి చదువుతోంది. చదవడంలో, రాయడంలో తోటిపిల్లల కంటే బాగా వెనకబడి ఉందని, గుంటూరు తీసుకెళ్లి ఎవరికైనా చూపించమని క్లాస్ టీచర్ రెండోసారి పిలిపించి చెప్పారట. "పరీక్షలు చేయిస్తే దాని మీద ముద్ర పడిపోతుందని మా అత్తయ్యగారు ఒప్పుకోవడం లేదన్నయ్యా. ఇంత చిన్నపిల్లకి ఇప్పటినుంచే సదరం ఎందుకు, పదో తరగతి దగ్గరికి వచ్చాక చూద్దామంటున్నారు మీ బావగారు" అని ఆమె చెబుతుంటే, ఆరేళ్ల కిందట మా ఇంట్లో నేనన్న మాటలే మళ్లీ నాకు వినిపించాయి. ఫోనులో అరగంట మాట్లాడినా చెప్పదలచుకున్నది సరిగా చెప్పలేకపోయాననిపించి, ఇక్కడ నిదానంగా రాస్తున్నాను.

పిల్లవాడికి చదువు ఎందుకు పట్టుబడడం లేదో నిపుణుల చేత పద్ధతిగా పరీక్ష చేయించి, రాతపూర్వకంగా తెలుసుకోవడం ఒక పని. వైకల్య ధ్రువపత్రం, అంటే సదరం, తీసుకోవడం వేరే పని. ఈ రెండింటినీ కలిపి ఒకటే అనుకోవడం వల్లనే మన ఇళ్లలో మొదటి పని ఏళ్ల తరబడి వాయిదా పడుతోందని నా నమ్మకం. రెండోదాని గురించి తీరికగా ఆలోచించుకోవచ్చు. మొదటిదాన్ని మాత్రం వచ్చే సంవత్సరానికి నెట్టకూడదు.

సదరం అన్న మాట చుట్టూ

సదరం అంటే ఏమిటో మన జిల్లాల్లో ఎవరికీ వివరించనవసరం లేదు. సచివాలయంలో స్లాటు తీసుకుంటారు, ఆసుపత్రి వరండాలో వరుసలో కూర్చుంటారు, డాక్టర్లు చూసి శాతం వేస్తారు, ఆ శాతం 40కి చేరిందా లేదా అన్నదాని మీద పింఛను ఆధారపడుతుంది. 2024 జులై నుంచి ఆ పింఛను నెలకు 6,000 రూపాయలయింది. ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువాలో దాచుకునే కుటుంబాలు మా వీధిలోనే ఉన్నాయి, వాళ్లకు దాని విలువ ఎంతో నేను దగ్గరగా చూస్తున్నాను.

అయితే ఆ కాగితం జవాబు చెప్పేది "ఎంత?" అన్న ఒక్క ప్రశ్నకే. వైకల్యం ఎంత శాతం ఉంది, నిర్ణయించిన హద్దుకు ఇవతల ఉందా, అవతల ఉందా. మూడో తరగతి పాపకు నాలుగు వాక్యాలు చదవడానికి పావుగంట పడుతుంటే ఆ పాపకు పాఠం చెప్పే టీచరుకు కావలసింది అది కాదు. అక్షరాన్ని గుర్తుపట్టడం దగ్గరే ఆగిపోతోందా, గుర్తుపట్టిన అక్షరాలను కూడబలుక్కుని పదంగా పలకడం దగ్గర ఆగుతోందా, పదం పలికినా అర్థం అందడం లేదా, లేక అసలు వినికిడిలోనో చూపులోనో లోపముందా? ఎక్కడ, ఎందువల్ల అన్న ఈ ప్రశ్నలకు శాతం జవాబు చెప్పదు. పద్ధతిగా చేసిన పరీక్ష చెబుతుంది.

మా అబ్బాయిని పరీక్షకు తీసుకువెళ్దామనుకుంటున్నట్టు మా నాన్నగారికి చెప్పినప్పుడు, "మనవాడికి సదరమేమిట్రా, కాళ్లూ చేతులూ నిక్షేపంగా ఉన్నాయిగా" అన్నారు. ముప్పై ఏళ్లకు పైగా బడిపంతులుగా పనిచేసిన మనిషి ఆయన. ఆయనను తప్పుపట్టడం న్యాయం కాదు. ఆయన ఉద్యోగం చేసిన రోజుల్లో అమల్లో ఉన్న 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది. డిస్లెక్సియా వంటి, నేర్చుకోవడానికి సంబంధించిన వైకల్యాలు 2016 చట్టంలో ఆ జాబితా 21కి పెరిగినప్పుడు గానీ అందులోకి రాలేదు. అయినా ఆ రోజు నాన్నగారు అన్న మాట వెనుక నేను దాక్కున్నానని ఒప్పుకోవాలి. ఆయన వద్దన్నారు కాబట్టి ఆగుదామని మా ఆవిడకు చెప్పాను. నిజానికి వద్దనుకున్నది నేను.

రెండు పేజీలు కలిసి తిరిగిన రోజు

ముందుగా పసిగట్టింది మా ఆవిడే. వాడు ఒకటో తరగతి పూర్తిచేసిన వేసవి సెలవుల్లో, మర్చిపోకుండా ఉండాలని రోజూ మధ్యాహ్నం వాచకం చదివించేది. వాడు పంక్తి కింద వేలు పెట్టి, ఎక్కడా తడుముకోకుండా గడగడా చదివేవాడు. ఒకరోజు మామిడిపండు తిన్న చేతులతో పుస్తకం పట్టుకున్నందువల్ల రెండు కాగితాలు అతుక్కుపోయి, ఒకటి తిప్పాననుకుని రెండూ తిప్పాడు. ఎదురుగా కొంగ, ఎండ్రకాయ బొమ్మలున్న పాఠం వచ్చింది. వాడు మాత్రం వేలు ఆ పంక్తుల కిందే జరుపుకుంటూ, పైకి కనిపించని పేజీలోని వాన పాటను చివరిదాకా తప్పు లేకుండా అప్పజెప్పాడు.

మా ఆవిడ ఆ రాత్రి నాకు ఈ సంగతి చెప్పి, "వీడు చదవడం లేదండీ, మొత్తం పుస్తకం కంఠస్థం చేశాడు" అంది. అంత పుస్తకం కంఠస్థం చేసిన పిల్లవాడికి తెలివి తక్కువేమిటి, మగపిల్లలకు చదువు ఆలస్యంగా అందుతుంది, నేను కూడా ఐదో తరగతి దాకా ఇంతే అన్నాను. ఆ మాట మీద రెండున్నరేళ్లు గడిపాం.

ఆ రెండున్నరేళ్లూ మేము చేతులు ముడుచుకుని కూర్చోలేదు, ఆ సంగతే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. ఇద్దరు ట్యూషన్ టీచర్లను మార్చాం. చేతిరాత బాగుపడుతుందంటే వేసవిలో ఆ తరగతులకు పంపాం. బడిలో ఎవరో వచ్చి పిల్లల వేలిముద్రలు తీసుకుని మెదడు సామర్థ్యం చెబుతామంటే దానికి కూడా డబ్బు కట్టాం. మా వాడు సంగీతంలోనో నాయకత్వంలోనో రాణిస్తాడని రంగురంగుల పుస్తకం ఒకటి చేతికిచ్చారు. వేలి గీతలను బట్టి పిల్లల తెలివితేటలను కొలవవచ్చనడానికి శాస్త్రీయమైన ఆధారం ఏదీ లేదని నాకు తర్వాత తెలిసింది. వీటన్నిటికీ ఏ సందేహమూ లేకుండా డబ్బులిచ్చిన నేను, అసలు పరీక్ష దగ్గరికి వచ్చేసరికి ముద్ర అంటూ వెనకాడాను. డిక్టేషన్ ఉండే మంగళవారం, శుక్రవారం పొద్దున్నే వాడికి కడుపునొప్పి వచ్చేది. నాలుగో తరగతి అర్ధసంవత్సర పరీక్షల్లో సైన్సు పేపరు దాదాపు ఖాళీగా ఇచ్చి వచ్చాడు. అందులోని ప్రశ్నలనే ఆ రాత్రి మా ఆవిడ చదివి వినిపిస్తే, మొక్క ఆహారం ఎలా తయారుచేసుకుంటుందో భోజనం చేస్తూ చక్కగా చెప్పాడు. ఇక నేను మారుమాట్లాడలేదు.

కొత్తపేటలో రెండు ఉదయాలు

గుంటూరులో ఉన్నవాళ్లకు డాక్టర్లంటే కొత్తపేటే కాబట్టి మేమూ అక్కడికే వెళ్లాం. ముందు చెవి పరీక్ష, కంటి పరీక్ష చేయించుకుని రమ్మన్నారు. ఇది లాంఛనం కాదు. మా పక్కవాటాలో ఉండే పిల్లవాడు ఏడాదిపాటు మందకొడి అనిపించుకుని, చివరికి కళ్లజోడు పెట్టించగానే మామూలుగా చదవసాగాడు. ఆ రెండూ సరిగానే ఉన్నాయని తేలాక, క్లినికల్ సైకాలజిస్టు వరుసగా రెండు ఉదయాలు, రోజుకు రెండు గంటల చొప్పున మా వాడితో కూర్చున్నారు. మేము బయట బల్ల మీద కూర్చున్నాం. మొదటి రోజు మధ్యలో తలుపు తెరిచి చూస్తే, రంగుల చెక్కముక్కలను బొమ్మలో ఉన్నట్టు పేర్చే పనిలో వాడు నావైపు తలెత్తి కూడా చూడలేదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి. బోర్డు మీద కౌన్సెలర్ అని ఉన్నంత మాత్రాన ఎవరైనా ఈ పరీక్ష చేయడానికి అర్హులు కారు. 1992 చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, క్లినికల్ సైకాలజిస్టులను, ఇలాంటి పిల్లలకు పాఠం చెప్పే స్పెషల్ ఎడ్యుకేటర్లను తన రిజిస్టరులో నమోదు చేస్తుంది. రిపోర్టు కింద సంతకంతో పాటు ఆ నమోదు సంఖ్య ఉండాలి. దాన్ని అడగడానికి మొహమాటపడవలసిన అవసరం లేదు.

పది రోజుల తర్వాత ఎనిమిది పేజీల రిపోర్టు ఇచ్చారు. తెలివితేటలు వయసుకు తగినట్టే ఉన్నాయని ఒక పేరా. చదవడం, రాయడం మాత్రం ఒకటో తరగతి స్థాయిలో ఆగిపోయాయని మరొక పేరా. ఆ తర్వాత రెండు పేజీల నిండా వాడు ఎక్కడెక్కడ ఎలా తడబడ్డాడో ఉంది. విన్న పదాన్ని శబ్దాలుగా విడగొట్టలేకపోతున్నాడు. "రైలుబండి" అన్న మాటలోంచి "బండి" తీసేస్తే ఏం మిగులుతుందని అడిగితే చెప్పగలిగాడు గానీ, "కలప"లో మొదటి అక్షరం తీసేస్తే ఏం మిగులుతుందంటే చెప్పలేకపోయాడు. డిక్టేషన్‌లో వత్తులు వదిలేస్తున్నాడు, దీర్ఘాలు ఎగిరిపోతున్నాయి. చివరి పేజీలో బడి చేయవలసిన పనులు: ప్రశ్నపత్రం చదివి వినిపించాలి, రాయడానికి ఎక్కువ సమయం ఇవ్వాలి, సైన్సులో, సోషల్‌లో అక్షరదోషాలకు మార్కులు తగ్గించకూడదు, తరగతి అందరి ముందు నిలబెట్టి చదివించకూడదు.

ఐదో పేజీలో, చదవడం ఎందుకు కష్టంగా ఉందని అడిగినప్పుడు పిల్లవాడు తనంతట తాను చెప్పిన జవాబు అని, ఒక వాక్యాన్ని వాడి మాటల్లోనే రాశారు. "నాకు బుర్ర తక్కువ, అందుకని." ముద్ర గురించి మా చెల్లెలి అత్తగారికి ఉన్న భయం నాకు అర్థమవుతుంది. కానీ మా వాడికి తొమ్మిదేళ్లు నిండేసరికే ఈ మాట ఎవరు నేర్పారో నాకు తెలియదు. మేమెవరమూ పరీక్ష చేయించకముందే అది వాడి నోటికి వచ్చింది.

నన్ను ఇప్పటికీ వదలని సందేహాలు

పరీక్షలన్నీ తప్పులేనివని నేను వాదించడం లేదు. అన్నిటికంటే పెద్ద చిక్కు భాష దగ్గరుంది. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషులో చదువుతారు. ఇంగ్లీషు పేరా ఇచ్చి చదవమంటే తడబడిన పిల్లవాడికి చదవడంలోనే ఇబ్బంది ఉందా, లేక ఎవరూ ఆ భాష సరిగా నేర్పలేదా? ఈ రెండింటికీ తేడా కనిపెట్టకుండా రాసిన రిపోర్టు పిల్లవాడికి అన్యాయం చేస్తుంది. మాకు దొరికినావిడ రెండో తరగతి తెలుగు వాచకం కూడా ముందు పెట్టి చదివించారు. "తెలుగులో రాసింది రాసినట్టే చదువుతాం కదా, ఇంగ్లీషులోలాగా స్పెల్లింగ్ గొడవ లేదు కాబట్టి తెలుగులో ఇబ్బంది ఉండదనుకుంటారు. కానీ గుణింతాలు, వత్తులు కలిపి ఒక పిల్లవాడు గుర్తుపెట్టుకోవలసిన ఆకారాలు వందల్లో ఉంటాయి, అక్కడ చిక్కుపడే పిల్లలున్నారు" అని ఆవిడ వివరించారు. రెండు భాషల్లోనూ ఒకే రకంగా తడబడితే ఇంగ్లీషు రాకపోవడం ఒక్కటే కారణం కాదని తేలుతుంది. ఇంటి భాషలో చదివించకుండా ఎవరైనా రిపోర్టు ఇస్తానంటే నేనైతే తీసుకోను.

రెండో సందేహం ఐక్యూ అంకె గురించి. మన దగ్గర ఎక్కువగా వాడే పరీక్షల్లో మాలిన్ పరీక్ష 1960ల నాటిది. ఆనాటి పిల్లలను కొలమానంగా పెట్టుకుని ఈనాటి పిల్లవాడికి వేసిన అంకెను దేవుడి రాతలాగా తీసుకోవలసిన పనిలేదు. మా బంధువుల్లో రిపోర్టు సంగతి తెలిసిన ప్రతి ఒక్కరూ మొట్టమొదట అడిగింది ఆ అంకెనే. మేము ఎవరికీ చెప్పలేదు, ఇక్కడా రాయడం లేదు. ఆ అంకెకు ఉన్న ఉపయోగం ఒక్కటే, తెలివి తక్కువై చదవలేకపోతున్నాడన్న అనుమానాన్ని అది తీరుస్తుంది. ఆ పని అయ్యాక దాన్ని పట్టుకుని వేలాడకూడదు.

మూడోది బడి. ఇందులో నాకు చేదు అనుభవమే ఎదురయింది. ఎనిమిది పేజీలూ జిరాక్సు తీయించి ఎంతో ఆశతో తీసుకువెళ్లి ఇస్తే, అక్కడి బాధ్యులు మొదటి పేజీ మాత్రం చూసి, ఇలాంటి పిల్లలకు వేరే బడి అయితే బాగుంటుందేమో ఆలోచించమన్నారు. 2016 చట్టంలోని 16వ సెక్షన్ ప్రకారం, నేర్చుకోవడంలో ఇలాంటి వైకల్యాలను వీలైనంత త్వరగా గుర్తించి, వాటిని అధిగమించేందుకు తగిన బోధనా పద్ధతులు అనుసరించడం ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి విద్యాసంస్థ బాధ్యత. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు మూడో తరగతిలో గానీ, ఎనిమిదేళ్ల వయసులో గానీ టీచర్లే పిల్లలను ప్రాథమికంగా పరిశీలించాలని చెప్పాయి. అంటే మేము వెళ్లి చెప్పేదాకా ఆగకుండా, వాళ్లే మమ్మల్ని పిలిచి చెప్పవలసిన విషయమది. ఈ మాట మా ఆవిడ ఆ గదిలోనే, గొంతు పెంచకుండా అంది. వాళ్లు ఇక మమ్మల్ని పొమ్మనలేదు గానీ, చేసిందీ ఏమీ లేదు.

చేసింది క్లాస్ టీచర్. ఆవిడ రిపోర్టు మొత్తం అడగలేదు, "నేను ఏం చేయాలో ఒక్క కాగితం మీద రాసివ్వండి" అన్నారు. ఆ చివరి పేజీ ఒక్కటే ఇచ్చాం. దాన్ని మడిచి హాజరు పట్టీలో పెట్టుకుని, యూనిట్ టెస్టులప్పుడు వాడి బల్ల దగ్గర వంగి, పక్కవాళ్లకు ఇబ్బంది లేకుండా ప్రశ్నలు చదివి వినిపించేవారు. అప్పటి నుంచి మేము పై తరగతి టీచర్లకు కూడా ఆ ఒక్క పేజీనే ఇస్తున్నాం. బడి వల్ల అన్యాయం జరుగుతుందన్న భయంతో పరీక్షే మానుకోవడం కంటే, రిపోర్టు మన దగ్గర ఉంచుకుని ఎవరికి ఎంత అవసరమో అంతే చూపించడం మేలని నాకనిపిస్తుంది.

డబ్బు సంగతి కూడా మాట్లాడాలి. మేము భరించగలిగాం, అందరూ భరించలేరు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ల లోపు పిల్లల్లో గుర్తించవలసిన 30 సమస్యల జాబితాలో నేర్చుకోవడంలో ఇబ్బంది కూడా ఉంది. సమగ్ర శిక్ష కింద మండలాల్లో భవిత కేంద్రాలు, వాటిలో ప్రత్యేక ఉపాధ్యాయులు ఉన్నారు. మా ఇంట్లో పనిచేసే ఆమె కొడుకు మున్సిపల్ బడిలో చదువుతాడు, వాడిదీ మా వాడి పరిస్థితే. కాళ్లు నడవని పిల్లవాడినో, మాట రాని పిల్లవాడినో గుర్తించినంత తేలికగా, బాగా మాట్లాడుతూ చదవలేని పిల్లవాడిని ఎవరూ గుర్తించడం లేదు. ఆమె కూలిపని మానుకుని ఆసుపత్రికి తిరిగిన ప్రతి రోజూ ఆమెకు నష్టమే. ఈ విషయంలో నా వాదన ఆమెకు పెద్దగా ఉపయోగపడదని తెలిసే రాస్తున్నాను. ఆమె కొడుకు చదివే బడిలోనే పరీక్ష జరగాలి, ఇంకో మార్గం లేదు.

రెండు పనులూ కలిసేచోటు

పరీక్ష వేరు, ధ్రువపత్రం వేరు అన్నాను. ఎప్పటికీ వేరుగా ఉంచవచ్చని మాత్రం అనడం లేదు. ప్రైవేటుగా చేయించిన రిపోర్టును క్లాస్ టీచర్ మన్నించవచ్చు గానీ బోర్డు మన్నించదు. సీబీఎస్ఈ ధ్రువపత్రం ఉన్న విద్యార్థులకు గంటకు 20 నిమిషాల చొప్పున, మూడు గంటల పరీక్షకు గంటసేపు అదనపు సమయం ఇస్తుంది, చెబితే రాసిపెట్టే లేఖకుడిని అనుమతిస్తుంది. మా వాడికి ఆ గంట కావాలి. 2018 మార్గదర్శకాల ప్రకారం ఈ రకం వైకల్యానికి ధ్రువపత్రం ఎనిమిదేళ్లు నిండినవారికే ఇస్తారు, 14 ఏళ్లప్పుడు, 18 ఏళ్లప్పుడు మళ్లీ పరీక్షించాలి, 18 ఏళ్లప్పుడు ఇచ్చినది జీవితాంతం చెల్లుతుంది. మా వాడిప్పుడు ఎనిమిదో తరగతి, వచ్చే వేసవికి 14 నిండుతాయి. అప్పుడు ప్రభుత్వాసుపత్రికి తీసుకువెళ్లాలని నిర్ణయించుకున్నాం. ఆ నిర్ణయం వాడినడిగే తీసుకున్నాం. అంతకుముందు నాలుగేళ్లు స్పెషల్ ఎడ్యుకేటర్ దగ్గర కూర్చుని చదవడం నేర్చుకున్న పిల్లవాడు కాబట్టి, ఆ కాగితం ఎందుకో వాడికి తెలుసు.

పదో తరగతి దాకా ఆగుదామన్న మా బావగారి లెక్కలో లోటు ఇక్కడే ఉంది. పదో తరగతిలో మొదటిసారి పరీక్ష చేయిస్తే అదనపు సమయం దొరకవచ్చు. ఆ సమయంలో ప్రశ్నపత్రం చదవడం ఎప్పుడు నేర్చుకోవాలి? నెమ్మదిగా, శబ్దం వెంట శబ్దంగా చదవడం నేర్పే పని చిన్నవయసులో మొదలుపెడితే తేలిక. మా వాడికి రెండున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. ఇప్పటికీ వార్తాపత్రికలో ఒక పేరా చదవడానికి మిగతావాళ్లకంటే రెండింతల సమయం తీసుకుంటాడు. ముందే మొదలుపెట్టి ఉంటే ఎంత తగ్గేదో చెప్పగలిగినవాళ్లు లేరు, నేను మాత్రం లెక్క వేసుకుంటూనే ఉంటాను.

నిన్న సాయంత్రం మా చెల్లెలు మళ్లీ ఫోన్ చేసింది. బావగారు ఒప్పుకున్నారని, అత్తయ్యగారికి ఇంకా ఇష్టం లేదని చెప్పింది. పాప పాత నోటుపుస్తకాలు, డిక్టేషన్ పుస్తకాలు ఒక్కటి కూడా పారేయకుండా తీసుకురమ్మన్నాను, సైకాలజిస్టు వాటిని చాలాసేపు చూస్తారు. అన్నీ రాసుకున్నాక, "పాపకు ఏమని చెప్పి తీసుకురావాలన్నయ్యా?" అని అడిగింది.

మా వాడికి మేము చెప్పింది చెప్పాను. "చదవడం నీకెందుకు కష్టంగా ఉందో కనిపెట్టే ఆంటీ దగ్గరికి వెళ్తున్నాం, ఆవిడ మార్కులు వేయరు, తప్పు చెప్పినా ఏమీ అనరు" అన్నాం. వాడు అదంతా విని, ఇంజెక్షన్ చేస్తారా అని బ్రాడీపేట దాటేలోపు రెండుసార్లు అడిగాడు. చేయరని వాళ్లమ్మ రెండుసార్లూ చెప్పింది. ఆ సంగతి పాపకు ముందే చెప్పమన్నాను.